వంత చెప్పాల్సిన మాట కెప్టెన్ చెప్తే

(నల్లగొండలో యువ కథకుల శిబిరంలో మొదటి పూట జరిగిన ప్రసంగం. రాలేకపోయినోళ్ళ కోసం రికార్డు విని టైపు చేసింది. తడబాట్లు తీసేసినం, మాట మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూసున్నోళ్ళకు వినపడుతున్నదా? ఆ కిటికీ పక్క ఫ్యాను ఒకటి ఆపుండ్రి, మైకులో గాలి కొడుతున్నది. ఆఁ, ఇప్పుడు సరే.

బుర్రకథ కళ్ళారా చూసినోళ్ళు ఎంతమంది? చెయ్యెత్తుండ్రి. పెద్దోళ్ళే ఎక్కువున్నరు. చూడని పిల్లల కోసం చెప్త. నడుమ కథకుడు, భుజం మీద తంబుర. అటొకరు ఇటొకరు వంతలు, గుమ్మెట వాయిస్తరు. ఒక వంతది హాస్యం. ఇంకో వంతది రాజకీయం. రాజకీయం వంత అనే పేరే ఉన్నది. పల్నాటి యుద్ధం నడుస్తుంటది, బాలచంద్రుడు కత్తి పట్టుకుంటడు, ఉన్నట్టుండి ఈ వంత అందుకొని రేషన్ బియ్యం సంగతో, ఊరి పెత్తందారు సంగతో ఎత్తుకుంటడు. జనం నవ్వుతరు, ఇద్దరు ముగ్గురు తిడతరు. కథకుడు తంబుర మీటి మళ్ళ యుద్ధంలోకి గుంజుకపోతడు. ఒక్కటి గమనించుండ్రి. బాలచంద్రుడు తన నోటితోని రేషన్ బియ్యం ముచ్చట ఎన్నడన్నా ఎత్తిండా? ఎత్తడు. ఆయన పని ఆయనది.

ఇయ్యాల మనం మాట్లాడేది టీవీలో వచ్చే సైన్స్ ఫిక్షన్ గురించి. బుర్రకథతోని ఎందుకు మొదలుపెట్టిన్నో కాసేపట్ల మీకే తెలుస్తది.

ఒక ఫిర్యాదు ఉన్నది, మీరూ వినే ఉంటరు. 'ఇప్పటి సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళన్నీ నీతిపాఠాలైపోయినయి, పాతవి హాయిగా కథ చెప్పేవి' అని. పాతవి చెప్పినయా? అంతరిక్ష ఓడలో గ్రహాలు తిరిగేటోళ్ళ కథ, అమెరికా సీరియలు స్టార్ ట్రెక్ ఉన్నది గదా, 1968 మార్చిలో వచ్చిన దాని ఎపిసోడు 'ది ఒమేగా గ్లోరీ' చూడుండ్రి. ఎక్కడో దూరపు గ్రహం మీద ఆ ఓడ కెప్టెన్ కర్క్ అమెరికా రాజ్యాంగ పీఠిక తీసుకొని పైకి చదువుతడు. అవును, అమెరికా రాజ్యాంగమే. వేరే గ్రహం మీద! ఇంతకన్న మొద్దుగా సందేశం చెప్పొచ్చా? కాబట్టి పాత, కొత్త అనే లెక్క పక్కన పెడదాం. పనితనం ఉన్నదా లేదా, అదే లెక్క.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్త. ఫిర్యాదు చేసేటోళ్ళలో కొందరికి చెప్పే తీరు నచ్చక కాదు, చెప్పే విషయమే నచ్చక కోపం. తేడా ఎట్ల పట్టాలె? మీకు బాగా నచ్చిన నీతి ఉన్న ఎపిసోడు ఒకటి తీసుకోండి. అది కూడా మొద్దుగా ఉన్నదని మీకు అనిపిస్తే, మీరు పనితనం గురించి మాట్లాడుతున్నట్టు. అనిపించకపోతే మీ కోపం వేరే.

సరే, అమెరికా టీవీ రచయిత రాడ్ సెర్లింగ్ దగ్గరికి పోదాం. 1955లో అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రంలో, ఎమెట్ టిల్ అనే 14 ఏండ్ల నల్లజాతి పిలగాన్ని చంపిండ్రు. చంపినోళ్ళను జ్యూరీ విడిచిపెట్టింది. సెర్లింగ్ దాన్ని మనసులో పెట్టుకొని టీవీ నాటకం రాసిండు. 1956లో ప్రసారమయ్యేనాటికి అందులో ఏం మిగిలింది? కథ జరిగే చోటు ఉత్తరాన న్యూ ఇంగ్లండ్‌కు పోయింది. చచ్చిపోయినాయన పేరు లేని పరదేశి అయిండు. దక్షిణాది గుర్తొస్తదని సెట్టు మీద కోకాకోలా సీసా కూడా ఉండొద్దన్నరు. పైసలు పెట్టే స్పాన్సర్ల భయం అట్లుండె.

అదే మనిషి 1959 అక్టోబర్ 2న 'ది ట్విలైట్ జోన్' అనే సీరియలు మొదలుపెట్టిండు. 1964 దాకా 156 ఎపిసోడ్లు. అదే జాతి ద్వేషం, అదే మూకల పిచ్చి, అదే యుద్ధ భయం. కాకపోతే వేరే గ్రహం, వేరే కాలం. స్పాన్సరు దాన్ని గ్రహాంతరవాసుల కథ అనుకున్నడు, చూసేటోళ్ళకు సంగతి తెలిసింది. ఇంకో పని చేసిండు సెర్లింగ్. మొదట నాలుగు మాటలు, చివర నాలుగు మాటలు తనే చెప్పిండు. ముందు గొంతే వినపడేది, తర్వాత కోటు వేసుకొని మనిషే వచ్చి నిలబడ్డడు. కథలోని పాత్రలకు ఆయన కనపడడు, వినపడడు. ఎవరాయన? రాజకీయం వంతనే గదా!

1960 నవంబర్‌లో వచ్చిన 'ఐ ఆఫ్ ది బిహోల్డర్' ఎపిసోడును కొంచెం దగ్గరగా చూద్దాం. ఆస్పత్రి మంచం మీద ఒక ఆడమనిషి, ముఖం మొత్తం కట్లు. అందరి లెక్క కనపడాలని చికిత్స. ఇది పదకొండోసారి, ఇంతకుమించి ప్రభుత్వం ఒప్పుకోదు. డాక్టరు, నర్సులు వస్తుంటరు, పోతుంటరు. ఒక్కరి ముఖం కూడా మనకు కనపడదు. దర్శకుడు డగ్లస్ హేయ్స్ వాళ్ళను నీడలో నిలబెట్టిండు, వీపు తిప్పి నిలబెట్టిండు, కెమెరాను చేతుల మీద పెట్టిండు. చూసేటోనికి అనుమానం రాకుండ అరగంట ఎపిసోడులో చాలా మట్టుకు అట్లనే గడిపిండు. కట్లు విప్పితే అందమైన ముఖం. డాక్టరు 'మార్పేమీ రాలేదు' అని వెనక్కి జరుగుతడు. అప్పుడు లైటు పడి వాళ్ళ ముఖాలు కనపడతయి, పంది మూతి అసొంటి ముఖాలు.

ఇందులో ఉపన్యాసం ఉన్నదా? ఉన్నది! అక్కడున్న టీవీల్లో ఆ రాజ్యం నాయకుడు ఊగిపోతూ మాట్లాడుతుంటడు, అందరూ ఒక్కతీరు ఉండాలె, ఒక్కతీరు లేనోళ్ళను ఏరెయ్యాలె అని. చూసిండ్రా తెలివి? ఉపన్యాసం దుర్మార్గునికి ఇచ్చిండు. అతను ఎంత గట్టిగ అరిస్తే మనకు అంత తెలుస్తది. ఇది రాసుకోండి, మీకు పనికొస్తది. కథలో ఉపన్యాసం తప్పనిసరైతే ముందు మీకు గిట్టనోని నోట్లో పెట్టి చూడుండ్రి.

ఇగ స్టార్ ట్రెక్‌కు వంత లేడు. మొదట్లో కెప్టెన్ డైరీ చదువుతడు, అంతే. దాంతోని ఏమయిందంటే, రాజకీయం వంత పని కూడా కెప్టెన్ మీదనే పడ్డది. అక్కడ మొదలైతది చిక్కు. బాలచంద్రుడే కత్తి కింద పెట్టి రేషన్ బియ్యం సంగతి ఎత్తుకున్నట్టు.

1969 జనవరిలో 'లెట్ దట్ బి యువర్ లాస్ట్ బ్యాటిల్‌ఫీల్డ్' వచ్చింది. ఇద్దరు మనుషులు, ఒకాయన బీల్, ఇంకొకాయన లోకై. ముఖం సగం నలుపు, సగం తెలుపు. యాభై వేల ఏండ్ల నుంచి ఒకరినొకరు తరుముకుంటున్నరు. ఎందుకు? కర్క్‌కు అర్థం కాదు, ఇద్దరూ ఒక్కతీరే కనపడుతున్నరు గదా అంటడు. అప్పుడు బీల్ అంటడు, 'నాకు నలుపు కుడి పక్క, వానికి తెలుపు కుడి పక్క' అని. ఆ ఒక్క క్షణం బంగారం. ఎందుకంటే అప్పటిదాకా మనం కూడా ఆ తేడా చూసి ఉండం! మన కంటికి లేని తేడా ఒకని కంటికి ప్రాణం తీసేంత పెద్దది. సందేశం అక్కడికి అయిపోయింది. మరి మిగతా ఎపిసోడు? ఉరుకులాట, అరుపులు, మీ ద్వేషం మానుకోండ్రని ఓడలోనోళ్ళ బుద్ధిమాటలు. ఓడలో ఎవ్వరూ ఏమీ పోగొట్టుకోలేదు, ఎవ్వరి మనసూ మారలేదు. చెప్పిందే చెప్పి సాగదీసిండ్రు.

రెండేండ్ల ముందు అదే సీరియల్లో, 1967 మార్చిలో, జీన్ కూన్ రాసిన 'ది డెవిల్ ఇన్ ది డార్క్' వచ్చింది. గని కథ. ఒక గ్రహం మీద లోతుల్లో ఖనిజం తీస్తుంటరు. కొత్త సొరంగం తెరిచినప్పటి నుంచి ఏదో జంతువు వచ్చి మనుషులను కాల్చి చంపుతున్నది. యాభై మందికి పైన పోయిండ్రు. గని పెద్ద టేబులు మీద గుండ్రటి రాయి ఒకటి ఉంటది, కాగితాల మీద బరువు పెట్టుకున్నట్టు. అసొంటివి కొత్త సొరంగంలో వేలకు వేలు దొరికినయి, పనికిరావని పక్కకు తోసిండ్రు, పగలగొట్టిండ్రు. కర్క్ ఓడలోని అధికారి స్పాక్ మాత్రం ఆ రాయిని చేతిలోకి తీసుకొని చూస్తుంటడు. కెమెరా దాని మీదికి పోతది, వస్తది. ఎవరూ ఏమీ చెప్పరు.

ఆ రాళ్ళు గుడ్లు. ఆ జంతువు తల్లి.

గని పెద్ద టేబులు మీద ముందు నుంచీ ఉన్నది ఏంది? ఒక పిల్ల. చూసిండ్రా, మొదటి సీన్లనే నేరం టేబులు మీద పెట్టి మనకు చూపించిండు, మనం గుర్తుపట్టలేదు. అక్కడి నుంచి గనోళ్ళు దుర్మార్గులని ఎవరూ చెప్పాల్సిన పని లేదు. వాళ్ళు దుర్మార్గులు కూడా కాదు. తోటోళ్ళు చచ్చిపోయి భయంతోని కట్టెలు పట్టుకున్నోళ్ళు. డాక్టరు మెకాయ్ ఆ తల్లి పుండుకు సిమెంటు పూస్తడు, నేను డాక్టర్ను గాని మేస్త్రీని కాదు అని గొణుగుతనే. చివరికి పిల్లలు పుట్టి సొరంగాలు తవ్వుతయి, గనోళ్ళు ఖనిజం ఏరుకుంటరు, లాభం పెరుగుతది. ఆ లాభం ముక్క నాకు చాలా ఇష్టం. మనుషులు మంచోళ్ళయిపోయి మారలేదు, లెక్క కుదిరి ఒప్పుకున్నరు. నమ్మబుద్ధి అయితది.

నల్లమలలో యురేనియం వద్దని అమ్రాబాద్ కాడ కొట్లాడినోళ్ళు ఇక్కడ ఉంటే వాళ్ళకు ఈ కథ విడమరిచి చెప్పాల్నా? అక్కరలేదు.

ఇప్పుడు మహబూబ్‌నగర్ నుంచి వచ్చినోళ్ళు జర జాగ్రత్తగ వినుండ్రి. 1988 ఏప్రిల్‌లో స్టార్ ట్రెక్ రెండో తరం సీరియల్లో 'సింబయోసిస్' వచ్చింది. రెండు గ్రహాలు. ఒక గ్రహం వాళ్ళు మాకు ఘోరమైన రోగం ఉన్నది, మందు లేకుంటే చస్తం అంటరు. పక్క గ్రహం వాళ్ళకు ఆ మందు చేసి అమ్ముడే బతుకుదెరువు, ఇంకో పని రాదు. డాక్టరు పరీక్ష చేస్తే రోగం ఎప్పుడో తగ్గిపోయింది. అది మందు కాదు, మత్తు. చేతులు వణికేది రోగంతోని కాదు, మత్తు దొరకక. అమ్మేటోళ్ళకు ఈ సంగతి ఎరుకే. కల్లులో అల్ప్రాజోలమో డైజీపామో, ఆ మత్తు మందులు కలిపి అమ్మితే ఏమయితదో మీకు నేను చెప్పాల్నా? కల్తీ కల్లు బంద్ పెట్టిన వారంలో దవాఖాన వార్డులో వణుకు, ఫిట్సు, పిచ్చి చూపులు. 'కల్లు లేకనే రోగం వచ్చింది' అంటరు. అచ్చం అదే కథ.

మరి ఈ ఓడ కెప్టెన్ పికార్డ్ ఏం చెయ్యాలె? నిజం చెప్పడానికి ఆయన చట్టం ఒప్పుకోదు, వేరే లోకాల వ్యవహారంలో వేలు పెట్టొద్దు. అయితే మందు తెచ్చే ఓడలు పాడైపోయి ఉన్నయి, విడిభాగాలు ఇస్తనని ముందు మాటిచ్చిండు. ఆ మాట వెనక్కి తీసుకుంటడు. ఓడలు ఆగుతయి, మందు ఆగుతది, మత్తు దిగుతది. దిగేటప్పుడు ఆ జనం ఎంత నరకం పడతరో ఆయనకు తెలుసు. తెలిసి కూడా ఆ పని చేస్తడు. ఇది గదా కథంటే!

ఇంత మంచి కథ నడుమ ఏం పెట్టిండ్రు? ఓడ నడిపే గదిలో టాషా యార్ అనే అధికారి, వెస్లీ అనే పిలగాన్ని పక్కన నిలబెట్టుకొని మనుషులు మత్తుకు ఎందుకు అలవాటు పడతరో పాఠం చెప్తది. చిన్న ముచ్చటే. కాని బడిలో గోడకు అంటించిన పోస్టరు లెక్క ఉంటది. ఆ సీను తీసేసి చూడుండ్రి. కథలో ఏమన్నా తగ్గుతదా? ఒక్క పూస కూడా రాలదు. ఇదే పరీక్ష: మాటలు తీసేసి కథ నిలబడుతదా చూడాలె. నిలబడితే ఆ మాటలు అక్కరలేనివి. నిలబడకపోతే ఇంకా అన్యాయం, అక్కడ కథే లేదు, మాటలే ఉన్నయి.

2020 జనవరిలో వచ్చిన బ్రిటిష్ సీరియలు డాక్టర్ హూ ఎపిసోడు 'ఆర్ఫన్ 55'కు కూడా అదే జబ్బు. పాడుబడ్డ గ్రహం మీద తిరుగుతుంటే గోడ మీద రష్యన్ అక్షరాలు కనపడతయి. అంటే ఇది మన భూమి. గుండె ఝల్లుమంటది. అక్కడ ఆగొచ్చు గదా? ఆగలేదు. చివర్ల ఆ సీరియలు ముఖ్య పాత్ర, డాక్టర్ అనే ఆమె, నిలబడి వాతావరణం గురించి క్లాసు చెప్తది. గోడ చెప్పిన మాటనే మళ్ళ చెప్పింది. అదే డాక్టర్ హూ 1973లో 'ది గ్రీన్ డెత్'లో వేల్స్ ఊర్లో రసాయనాల కంపెనీ వ్యర్థాలు బొగ్గు బావిలో పోస్తే లోపల పురుగులు ఇంతింత పెద్దగ పెరిగినట్టు చూపించింది. ఆరు భాగాలు. యాభై ఏండ్లయినా దాన్ని 'ఆ పురుగుల కథ' అనే గుర్తుపెట్టుకున్నరు. పురుగులు గుర్తున్నోనికి కంపెనీ గుర్తుంటది. చౌటుప్పల్ దిక్కు బావుల నీళ్ళ రంగు చూసినోనికి ఇంకా బాగ గుర్తుంటది.

అయితే కథలో ఎన్నడూ ఉపన్యాసమే ఉండొద్దా? అట్ల నేననను. పికార్డ్ ఉన్న ఆ రెండో తరం స్టార్ ట్రెక్‌లోనే, 1989 ఫిబ్రవరిలో, మెలిండా స్నాడ్‌గ్రాస్ రాసిన 'ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' మొత్తం కోర్టు వాదమే. డేటా అనే మరమనిషిని విప్పి చూస్తనంటడు ఒక శాస్త్రవేత్త. డేటా వస్తువా, మనిషా? కోర్టులో సిబ్బంది లేరు. డేటాకు వ్యతిరేకంగ వాదించే పని అతని దోస్తు రైకర్ మీదనే పడతది. వాదించకపోతే అప్పటికప్పుడే డేటాకు వ్యతిరేకంగ తీర్పిస్త అంటది జడ్జి. రైకర్ రాత్రి కూసొని డేటా నిర్మాణం పటాలు తిరగేస్తుంటడు. ఒకచోట ఆగుతడు. ముఖం మీద నవ్వు వస్తది, గెలిచే పాయింటు దొరికిందని. మరుక్షణమే ఆ నవ్వు చచ్చిపోతది, దొరికిందెవరిని ముంచడానికో గుర్తొచ్చి. మాట లేదు. రెండు మూడు సెకన్లు. తెల్లారి కోర్టులో డేటా చెయ్యి ఊడదీసి చూపిస్తడు, స్విచ్ నొక్కి పడుకోబెడతడు.

ఆ తర్వాత పికార్డ్ బానిసత్వం గురించి పెద్ద ఉపన్యాసమే ఇస్తడు. మరి అది ఎందుకు చెవికి గుచ్చుకోదు? మూడు కారణాలు. తీర్పు ఇంకా రాలేదు, ఆయన ఓడిపోవచ్చు. ఎదుటి పక్క వాదం బలంగ ఉన్నది, మనకే సమాధానం తోచలేదు. ఇంకా ముఖ్యమైంది, ఆయన మనకు చెప్పడం లేదు, జడ్జికి చెప్తున్నడు. జడ్జి కూడా డేటాకు ఆత్మ ఉన్నదో లేదో చెప్పదు, అది నాకు తేల్చరాదు, తన దారి తను ఎంచుకునే హక్కు మాత్రం ఇస్త అంటది. ఆ మాత్రం వదిలెయ్యడం రావాలె రాసేటోనికి.

ఇగ మన పనికి వద్దాం. కాగితాలు తియ్యుండ్రి. స్క్రిప్టు ఒక పేజీ తెర మీద దాదాపు ఒక నిమిషం. మీ ఉపన్యాసం పేజీ నిండితే చూసేటోడు నిమిషం సేపు ఊరికె కూసున్నట్టు.

మన జిల్లా సంగతే తీసుకుందాం. ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు దిక్కు కథ మీకు తెలుసు. నీళ్ళు తేటగ ఉంటయి, నాలుకకు తేడా తెలవదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏండ్ల మీద పండ్లకు గార పడతది, ఇంకా బాగ ఎక్కువైతే ఎముక గట్టిపడతది, మెడ తిరగదు. దీన్ని ఇంకో గ్రహం మీద పెట్టుమంటే ముందు మీకు తోచేది ఏంది? ఆ గ్రహం కలెక్టరు నిలబడి 'మంచినీళ్ళు ప్రతి మనిషి హక్కు' అంటడు. వద్దు. ఆయన్ను ఇంటికి పంపించుండ్రి.

వెనక నుంచి పిలిస్తే మెడ తిరగని మనిషి ఏం చేస్తడు? పాదాలతో సహా మొత్తం తిరుగుతడు. అదే మీ మొదటి సీను. గ్రహానికి కొత్తగ వచ్చిన అధికారి పిలుస్తడు, పనోడు నిదానంగ, కట్టె తిరిగినట్టు తిరుగుతడు. అధికారి దాన్ని పొగరు అనుకుంటడు. కొంచెం సేపటికి ఏడేండ్ల పిల్లను పిలుస్తడు. ఆ పిల్ల కూడా అట్లనే తిరుగుతది. సంభాషణ లేదు.

కాని ఇంతవరకు ఇది మర్రిగూడలోనే చెప్పొచ్చు, గ్రహం ఎందుకు? మంచి ప్రశ్న, ఆ తమ్ముడు అడిగిండు. సైన్స్ ఫిక్షన్ అంటే లోకం లెక్క ఒకటి మార్చాలె, ఆ మార్పు మనిషిని ఇరుకున పెట్టాలె. మార్చుదాం. ఆ గ్రహం నుంచి పైకి లేచే రాకెట్టు కుదుపు మామూలు మనిషి మెడ తట్టుకోదు. గట్టిపడ్డ ఎముకలోళ్ళే తట్టుకుంటరు. కంపెనీ వాళ్ళకే పైలెట్ నౌకరి ఇస్తది, జీతం పదింతలు. నిజం ఎముకలు అట్ల చెయ్యవు, గట్టిపడ్డ ఎముక పెళుసు. అది మనం కల్పించిన లెక్క, కాబట్టి మొదటి అయిదు నిమిషాల్లో చెప్పెయ్యాలె, చివర్ల బయటపెడితే మోసం.

ఇప్పుడు తల్లిని తీసుకురాండ్రి. ఇంట్లో బకెట్టు ఉన్నది. నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతి మనదే, నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసింది, ప్రపంచమంతా మన ఊరి పేరుతోనే పిలుస్తది. సున్నం, పటిక, కొంచెం బ్లీచింగ్ పౌడరు. ముందు గబగబ కలపాలె, తర్వాత నిమ్మళంగ కలపాలె, గంటసేపు తేటపడనియ్యాలె. కుళాయి బకెట్టు అడుగుకు కొంచెం పైన ఉంటది, అడుగున మడ్డి రావొద్దని. రోజూ చెయ్యాలె, ఒక్కరోజు కాదు. అందుకే చాలా ఇండ్లల్లో మూలకు పడ్డది అది. సున్నం, పటిక కొలత కూడా నీళ్ళను బట్టి మారుతది, అందాజు మీద వేస్తే పని చెయ్యదు.

ఆ తల్లి రోజూ సాయంత్రం పటిక చేతిలో పట్టుకొని బకెట్టు ముందర నిలబడతది. వేస్తే పిల్ల మెడ తిరుగుతది, నౌకరి రాదు. వెయ్యకపోతే నౌకరి వస్తది. కంపెనీ దుర్మార్గం గురించి ఇంకొక్క ముక్క రాయాల్నా మీరు?

కంపెనీ మనిషిని కూడా మొద్దుగ రాయొద్దు. అతనిదీ గట్టిపడ్డ మెడనే, అతని తల్లీ బకెట్టు మూలకు పెట్టినామెనే అనుకోండి. అప్పుడు అతను చెప్పే మాటకు మీ దగ్గర జవాబు ఉండదు, రైకర్ వాదానికి మనకు తోచనట్టు. ఇంకోటి, రాసేటోళ్ళు మర్చిపోయేది మడ్డి. బకెట్టు అడుగున మిగిలే ఆ మడ్డిలో నీళ్ళలో నుంచి తీసిన ఫ్లోరైడ్ చేరి ఉంటది. ఎక్కడ పారపోస్తరు? ఇంటెనక పోస్తే మళ్ళ నేలలోకి దిగుతది. పక్కింటి బోరు పక్కన పోస్తే? పటిక వేసే తల్లి కూడా ఎవరికో కీడు చేస్తున్నదన్నట్టు గదా. మీ నడిమి మలుపు అక్కడ ఉన్నది, దాన్ని వదులుకోవద్దు.

టైము పదకొండున్నర అయింది, చాయ్ వచ్చినట్టుంది. చాయ్ తాగినంక ఒక్క పేజీ రాయుండ్రి. సాయంత్రం, బకెట్టు, తల్లి, వెనకాల పిల్ల. తల్లి ఏం చేసిందో చూపించుండ్రి. నీళ్ళు, హక్కు, న్యాయం, కంపెనీ, ఈ నాలుగు మాటలు పేజీలో ఎక్కడా రావొద్దు. పిల్లను తల్లి పేరు పెట్టి పిలవాలె, ఆ పిల్ల తిరగాలె. ఎట్ల తిరిగిందో ఒక్క వాక్యంలో రాయుండ్రి. పెన్ను లేనోళ్ళకు ఇక్కడ టేబులు మీద ఉన్నయి.